మలి కదలిక

మేము తయారుచేసిన ఎలుగుబంటి నడిచేది, గెంతేది, తల తిప్పి చూసేది. బతికున్నట్టు మాత్రం ఉండేది కాదు.

విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఒక గుట్ట మీద మా యానిమేషన్ కంపెనీ. పిల్లల కోసం ఒక సినిమా మొదలుపెట్టి ఏడాది దాటింది. అందులో తప్పెటగుళ్ళు ఆడే ఎలుగుబంటి ఉంది, పేరు గుబ్బడు. గుండెల మీద తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో ఎగురుతుంది. దాని కదలికలు లెక్కగట్టే ప్రోగ్రాం రాయడం నా పని. బొచ్చు ఎంత అల్లాడాలి, పొట్ట ఎంత ఊగాలి, అన్నీ లెక్క ప్రకారం సరిగ్గానే వచ్చాయి. అయినా గెంతి నేల మీద ఆగిన ప్రతిసారీ అది గడ్డి కుక్కిన గోనెసంచిలా కనిపించేది.

ఏ ఒంట్లోనైనా ముందు కదిలేది ఒకటైతే, దాని వెనకాల ఆలస్యంగా కదిలేవి వంద ఉంటాయి. తల తిరిగాక జడ తిరుగుతుంది. చెయ్యి ఆగాక వేళ్ళు ఆగుతాయి. నవ్వు అయిపోయాక కూడా భుజాలు రెండుసార్లు అదురుతాయి. దీన్ని మా వాళ్ళు ఫాలో త్రూ అంటారు. నేను మలి కదలిక అంటాను. ప్రాణం ఉన్నదాన్నీ లేనిదాన్నీ వేరుచేసి చెప్పేది అదే, అది మాకు చిక్కడం లేదు.

అప్పుడు బోని ఎర్రన్న వచ్చాడు. గజపతినగరం అవతల ఒక ఊరు అతనిది. నలభై దాటిన మనిషి, సన్నటి కాళ్ళు, కొంచెం బొజ్జ. అతని అన్న అప్పన్న నడిపే జట్టులో తప్పెటగుళ్ళు ఆడతాడు. మా హాల్లో అద్దాల ముందు నిలబెట్టి ఆడమన్నాం. మూడు గెంతులు గెంతి దిగాడు. దిగడం ఒక్కసారిగా దిగలేదు. ముందు పాదాలు నిలిచాయి, తర్వాత మోకాళ్ళు సర్దుకున్నాయి, బొజ్జ ఒకసారి పైకి లేచి కుదుటపడింది, గజ్జెలు నాలుగు మాటలు చెప్పుకుని ఊరుకున్నాయి, అన్నిటికన్నా చివర గడ్డం కొద్దిగా కిందికి వాలింది. మేమంతా నోళ్ళు తెరుచుకుని చూశాం.

"గెంతడం ఎవుడైనా గెంతుతాడమ్మా," అన్నాడు నాతో, మొహం తుడుచుకుంటూ. "మా అన్న నాకు ఏడేళ్ళు ఆగడమే నేర్పినాడు."

అతని కోసమే నేను ఒక టోపీ తయారుచేశాను. అది తల వెనక చిన్నమెదడు నుంచి వచ్చే సంకేతాలను చదివేది. చదివి ఊరుకునేది కాదు, తిరిగి అడిగేది కూడా. ఎర్రన్న గెంతు మొదలుపెడితే తెర మీద ఎలుగుబంటి దాన్ని పూర్తిచేసేది. ఎక్కడ తప్పు చేస్తే అక్కడ ఎర్రన్న తలలో చీమ కుట్టినట్టు అయ్యేది. "ఎహె, అలక్కాదురా ఎలుగూ," అని అతని ఒళ్ళు సరిదిద్దేది. ఎలుగు నేర్చుకునేది. గోడ మీద తప్పుల శాతం కనిపించేది. మొదటి రోజు నలభై ఒకటి. రెండు వారాలకు పంతొమ్మిది. నెల తిరిగేసరికి మూడు.

ఆ మూడు దగ్గర ఉన్న రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఎర్రన్న టీ తాగి గ్లాసు బల్ల మీద పెట్టాడు. చెయ్యి గ్లాసును వదిలి, అక్కడే, గాల్లోనే నిలిచిపోయింది. పెట్టడం అయిపోయింది గానీ వెనక్కి రావడం అన్నది దానికి తోచనట్టు. తర్వాత అతను దాన్ని చూసుకుని, తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను చూశాను. అలసిపోయాడనుకున్నాను. అలా అనుకుంటేనే నాకు పని ఆగదు.

ముప్పై ఎనిమిదో రోజున గోడ మీద సున్నా పడింది.

ఆ రోజు ఎలుగుబంటిని ఊరికే నిలబెట్టి చూశాం. గెంతమనలేదు, ఏమీ చెయ్యమనలేదు. అది ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంది. ఊపిరి తీసుకుంది. తీసుకున్న ఊపిరి పొట్టలోకి దిగి, కాస్త ఆలస్యంగా మెడ వెనక బొచ్చును కదిపింది. హాల్లో పదిహేను మందిమి ఉన్నాం. కంపెనీ యజమాని చక్రధర్ గారు గొంతు తగ్గించి, "సువర్చలా, అది మనల్ని చూస్తోందా?" అన్నారు.

"లేదండీ. దానికి కళ్ళు కనబడవు," అన్నాను. అయినా పక్కకు జరిగి నిలబడ్డాను.

ఎర్రన్న మాత్రం మురిసిపోయాడు. "నాలాగే ఉన్నాడు! అచ్చం నాలాగే!" అని చప్పట్లు కొట్టాడు. మూడో చప్పట తర్వాత అతని చేతులు తాడు తెంచినట్టు కిందపడ్డాయి. మొహంలో నవ్వు లేదు. ఇప్పుడే ఎవరో తీసి ఎక్కడో పెట్టేసినట్టుంది.

మర్నాడు అతన్ని శాలువా కప్పి ఊరికి పంపించాం.

మూడు నెలల తర్వాత అతని భార్య పైడమ్మ వచ్చింది. గేటు దగ్గర ఎవరినీ అడగకుండా, పొద్దుటి నుంచి నా కారు కోసం ఎండలో కూర్చుందట. లోపలికి తీసుకెళ్ళి మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు.

"తీసుకున్నది ఇచ్చీయండమ్మా," అంది.

"మేమేం తీసుకున్నాం పైడమ్మా?"

"ఏటి తీసుకున్నారో నాకేటి తెలుసు? సదూకున్నోలు, మీకే తెలవాల. మనిసి ఇంటికొచ్చినాడు. తింటన్నాడు, తొంగుంటన్నాడు, పన్లోకెల్తన్నాడు. ఆగిపోతన్నాడమ్మా. అదీ నా బాద."

"ఆగిపోవడమంటే?"

ఆమె చుట్టూ చూసి, పైన తిరుగుతున్న ఫ్యాను చూపించింది. "అది కట్టీండి."

నేను లేచి స్విచ్చి ఆపాను. ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. ఇద్దరం తలెత్తి చూస్తూ కూర్చున్నాం. అది నెమ్మదించి, నెమ్మదించి, రెక్కలు ఒకటొకటిగా కనబడి, చివర ఒకసారి వెనక్కి ఊగి నిలిచింది.

"ఇనపముక్క. దానికీ ఉంది," అంది పైడమ్మ. "మా మావకి నేదు. నవ్వుతాడు, టక్కున పోతాది. కోపమొస్తాది, ఆ మాట అయిపోగానే నా మొకం వైపు సూసి, కూరేటి వొండినావంటాడు. మా బావ పోనాడమ్మా, నెల్లాళ్ళ కిందట."

"అప్పన్న గారా?"

"ఆయనే. పెంచినోడు, ఆట నేర్పినోడు. సవం మీద పడి గోలెట్టి ఏడిసినాడు మా మావ. ఊరంతా కళ్ళొత్తుకున్నారు. మొకం మీద గుడ్డ కప్పినారు. అంతే. లెగిసినాడు. కళ్ళల్లో తడన్నా ఆరనేదు, 'ఆవుకి కుడితెట్టినావేటే' అని అడిగినాడు. అందరూ ఇన్నారు. జట్టోలు ఇన్నారు. ఆ దినం నించి ఆడితో ఎవులూ మాటాడరు. దెయ్యం పట్టినాదంటారు. నానూ బయపడతన్నానమ్మా. పక్కలో తొంగుని ఊపిరి తీసీవోడు, తియ్యడం తీసీసి, అక్కడే..." ఆమె చెయ్యి ఛాతీ మీద పెట్టుకుంది, తియ్యలేదు. "మల్లీ వొగ్గీది గుర్తొచ్చీదాకా సూస్తా ఉంటాను."

ఆ వారమే నేను వాళ్ళ ఊరికి వెళ్ళాను. వీధి అరుగు మీద తాడు పేనుతున్నాడు ఎర్రన్న. నన్ను చూడగానే మొహం విప్పారింది. "రండమ్మా, రండి! పైడీ, కుర్సీ ఎయ్యి!" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు, అందులో నటన లేదు. నేను కుర్చీ కోసం ఒక్క క్షణం పక్కకు తిరిగి మళ్ళీ చూస్తే ఆ మొహంలో ఎవరూ లేరు. తుడిచిన పలకలా ఉంది. కళ్ళు నా మీదకి రాగానే మళ్ళీ విప్పారింది. అదే సంతోషం, మొదటినుంచి.

"ఎలా ఉంది ఎర్రన్న గారూ?"

"ఒంట్లో బానే ఉందమ్మా." చేతిలో తాడు చూసుకున్నాడు. "అన్న గుర్తొస్తే ఏడుపొస్తాది. గుర్తు పోతే ఏడుపు పోతాది. మద్దిన ఏటీ నేదు. ముందు ఉండీది. అన్న తిట్టిన తిట్టు రెండ్రోజులు లోపల తిరిగీది. ఇప్పుడు మా ఆవిడ ఏడిస్తే నాకు తెలుస్తాది, గుమ్మం దాటితే తెలవదు. నాను మంచోడినేనా కాదా అన్నది కూడా తెలవట్లేదు."

తిరుగు ప్రయాణంలో కారు నడపలేక రెండుచోట్ల ఆపాను.

డాక్టర్ సల్మా మెదడు నిపుణురాలు, నాతో కాలేజీలో ఒకే గదిలో ఉండేది. టోపీ రికార్డులన్నీ ఆమె ముందు పెట్టాను. సాయంత్రం దాకా చూసి కళ్ళజోడు తీసింది.

"సున్నా వచ్చిన రోజు పండగ చేసుకున్నారు కదా," అంది. "సున్నా అంటే ఏమిటో తెలుసా? నేను చెయ్యక్కర్లేదు, ఇది చేస్తోంది, అని ఆ మెదడు ఒప్పేసుకున్న రోజు. విరిగిన చేతికి కట్టు కడితే లోపల కండ కరిగిపోతుందే, అలాగ. మీ యంత్రం మోస్తూ వచ్చింది కనక అతని చిన్నమెదడు మొయ్యడం మానేసింది. చేతిని మెల్లగా ఆపేదీ అదే, నవ్వునీ ఏడుపునీ మెల్లగా దింపేదీ అదే."

"తిరిగి ఇవ్వచ్చా?"

"అసలు ఎంత పోయిందో చూడాలి. టోపీ మళ్ళీ పెట్టాలి."

అలా ఒక సోమవారం ఉదయం ఎర్రన్న, పైడమ్మ, సల్మా, చక్రధర్ గారు, నేను ఆ హాల్లో కూడాం. ఎర్రన్నకు టోపీ పెట్టి, ఎలుగును నడిపే యంత్రానికి కలిపాను. తెర మీద ఎలుగుబంటి లేచి నిలబడింది, ఎప్పటిలాగే బరువు మార్చుకుంది.

"మీ అన్నని తలుచుకోండి," అంది సల్మా నెమ్మదిగా.

ఎర్రన్న కళ్ళు మూసుకున్నాడు. పెదవులు వణికాయి. "అన్నా..." అని గొంతు చించుకుని ఏడ్చాడు. వంగిపోయి, మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాడు. తర్వాత కళ్ళు తెరిచి లేచి కూర్చున్నాడు. "అయిపోనాదమ్మా," అన్నాడు, దాహమేసిన మనిషి నీళ్ళు తాగి గ్లాసు ఇచ్చినట్టు.

తెర మీద అయిపోలేదు.

ఎలుగుబంటి కూలబడింది. దాని భుజాలు అదురుతున్నాయి. అదురు వీపు మీదుగా దిగి, బొచ్చంతా గాలికి గడ్డి కదిలినట్టు కదులుతోంది. ఏడుపు తగ్గినట్టే తగ్గి, ఎక్కిళ్ళు పడి, మళ్ళీ ఉప్పెనలా పైకి వస్తోంది. ముంజేత్తో ముక్కు తుడుచుకుంది. ఏదో చెప్పబోయి, చెప్పలేక, నేల మీద అరచేత్తో మెల్లగా కొట్టుకుంది. అటువంటి కదలిక మేమెవరమూ దానికి నేర్పలేదు. మేము గొంతు పెట్టలేదు కనక దాని ఏడుపుకు చప్పుడు లేదు. ఐదు నిమిషాలయింది. పది అయింది.

పైడమ్మ లేచి తెర దగ్గరికి వెళ్ళింది. ఆ బొచ్చు వీపు మీద, అద్దం మీదే, చెయ్యి వేసింది.

"ఇదిగో," అంది. "ఈడే మా మావ."

ఎర్రన్న కుర్చీలో కూర్చుని, తెర వైపు చూస్తున్నాడు, పక్కింటి చావును చూసినట్టు. "పాపం," అన్నాడు.

సల్మా నన్ను పక్కకు లాగింది. "ఇప్పుడే చెయ్యాలి. అది ఏడుపు పూర్తిచేసేస్తే అతనికి మిగిలేది ఏమీ ఉండదు. మధ్యలో తెంపు. టోపీ ఉంచి యంత్రం ఒక్కటీ తెంపు. ఆ మిగిలింది ఎక్కడికో ఒకచోటికి పోవాలి. అతని మెదడు అందుకోవచ్చు."

"అందుకోకపోతే?"

"ఫిట్స్ రావచ్చు. లేదా ఏమీ రాకపోవచ్చు. నాకు రెండోదే ఎక్కువ భయం."

ఎర్రన్నకు విషయమంతా చెప్పాం. అతను విని, "తెంపీండమ్మా," అన్నాడు. పైడమ్మ అతని చెయ్యి పట్టుకుంది. నేను తెంపాను.

ఎలుగుబంటి చెయ్యి ఎత్తి ఉండగా నిలిచిపోయింది. ఎర్రన్న ఒళ్ళు ఒక్కసారి జల్లుమంది. మేమంతా ముందుకు వంగాం. అతను మమ్మల్ని వరసగా చూశాడు.

"ఏటీ నేదమ్మా," అన్నాడు.

గంట చూశాం. రెండు గంటలు చూశాం. ఏమీ రాలేదు. సల్మా పరీక్షల కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఆ ఎలుగుని ఏటి సేస్తారు?" అంది పైడమ్మ వెళ్ళబోతూ.

చక్రధర్ గారు నా వైపు చూడకుండా, "సినిమా సగంలో ఉందమ్మా. రెండువందల మంది పని," అన్నారు. "మీకు కావలసిన వైద్యం మేమే చేయిస్తాం."

"ఉంచుకోండి బాబూ," అన్నాడు ఎర్రన్న మంచిగా. "బొమ్మే కదా."

పైడమ్మకు కళ్ళెర్రబడ్డాయి. "బొమ్మకి నా మొగుడి ఏడుపెందుకండీ?" అంది. ఎవరి జవాబు కోసమూ ఆగకుండా అతన్ని నడిపించుకుని వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక హాల్లో ఒక్కదాన్నే మిగిలాను. అది నిజంగా ఆగిందో లేదో చూద్దామని, తెంపిన క్షణంలో యంత్రం దాచుకున్న ప్రతిని తెరిచి నడిపించాను. ఎత్తిన చెయ్యి నేల మీద పడింది. ఎలుగుబంటి ఎక్కడ ఆగిందో అక్కడినుంచే ఏడవడం మొదలుపెట్టింది. అప్పన్న ఎవరో దానికి తెలియదు. చావంటే తెలియదు. అయినా ఒక మనిషి గుండెలో ఎంత ఉండాలో అంతా దాని దగ్గర ఉంది, దాన్ని ఎక్కడ దించాలో తెలియక ఊగిపోతోంది. అలా ఎంతసేపు ఏడుస్తుందో లెక్క చూశాను. అంకె రాలేదు. ఆగే చోటు దానికి మేము నేర్పనేలేదు.

నా చేతులతోనే తుడిచేశాను. అసలును, ప్రతిని, ప్రతికి ప్రతిని. గుట్ట కింద గోదాములో ఉన్న డిస్కుల దగ్గరికి కూడా వెళ్ళి తుడిచాను. మర్నాడు పొద్దున్న చక్రధర్ గారి బల్ల మీద రాజీనామా పెట్టి, ఏం చేశానో చెప్పాను. అరుస్తారనుకున్నాను. "నిన్న ఇంటికెళ్ళాక అన్నం తినలేదు సువర్చలా," అన్నారు. "కానీ నువ్వు నన్ను అడిగి ఉండాల్సింది." నిజమే. అడిగితే వద్దంటారని అడగలేదు. ఎలుగుబంటి లేకుండా ఆ సినిమా బయటికి రాలేదు. కొందరికి ఉద్యోగాలు పోయాయి. వాళ్ళలో నాతో మాట్లాడనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

యంత్రం తెంపిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఇంట్లో బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది. పైడమ్మ.

"అమ్మా..." అంది.

"ఏమైంది? ఎర్రన్న గారికేమైనా..."

"ఒచ్చినాదమ్మా."

వెనకాల ఏదో చప్పుడు. ముందు పశువేమో అనుకున్నాను.

"పొద్దున్న అన్నం తింటా తింటా కంచం పక్కన పెట్టీసినాడు. ఏటి మావా అంటే పలకనేదు. కళ్ళమ్మట నీళ్ళు. అన్న పేరన్నా ఎత్తనేదు, అలాగే కూకుని ఏడుస్తన్నాడు. బారెడు పొద్దెక్కీటప్పుడు మొదలెట్టినాడు. ఇప్పటికీ ఆగనేదు. ఆగినట్టే ఆగి, ఎక్కిళ్ళొచ్చి, మల్లీ ఒస్తన్నాది. తొమ్మిది దినాలు ఎక్కడున్నాదమ్మా అది? ఏ దారంట ఒచ్చినాది?"

"నాకు తెలీదు పైడమ్మా," అన్నాను. నిజంగానే తెలీదు. సల్మాకూ తెలీదు. ఆ తర్వాత కూడా ఎర్రన్నకు అన్నీ ఆలస్యంగానే వస్తున్నాయి. పొద్దున చెప్పిన హాస్యానికి సాయంత్రం గొడ్లకు నీళ్ళు పెడుతూ నవ్వుతాడట, తిట్టిన మూడో నాడు వచ్చి తప్పయిందంటాడట. దానికి మందు లేదు.

"డాక్టరమ్మని పిలవాలేటి? ఆపాలేటి?"

"వద్దు. ఏడవనీ. నీళ్ళు మాత్రం తాగించు."

"సుట్టుపక్కలోలు ఒచ్చీసినారమ్మా గుమ్మంలోకి. ఎవులు పోనారే అని అడుగుతన్నారు. నానేటి సెప్పాల?"

"నువ్వేం చెప్పావు?"

"మా బావ పోనాడన్నాను. మా మావకి ఇప్పుడే తెలిసినాదన్నాను. మొదట ఇంతింత కళ్ళేసుకుని సూసినారు. మరి ఆ ఏడుపు ఇంటన్నారు కదా. ఆలకీ ఆగనేదు. ముసిలమ్మలు కూకున్నారు అరుగు మీద. ఇదిగో, జట్టోలు కూడా ఒస్తన్నారు."

ఆమె ఫోను పెట్టెయ్యలేదు, ఎక్కడో కింద ఉంచినట్టుంది. అడుగుల చప్పుడు వినబడింది. చాప పరిచిన చప్పుడు. ఒక మగ గొంతు, వయసైన గొంతు, దగ్గరగా వచ్చి, "ఎర్రన్నా, ఒరే ఎర్రన్నా," అంది. తర్వాత ఆ గొంతు కూడా విరిగింది. తడిబట్ట చేతిలో అలాగే పట్టుకుని నేను వింటూ నిలబడ్డాను.